అంకెగా మిగిలిన ఎనిమిది మంది
(చింతలపూడి స్మారకోపన్యాస పాఠం)

ఇంగ్లీషువారిపై పితూరీ (తిరుగుబాటు) లేపినందుకు 1858 అక్టోబరు 7న బుట్టాయగూడెంలో కారుకొండ సుబ్బారెడ్డినీ కొర్ల సీతారామయ్యనూ ఉరితీశారు. అదే పితూరీకి గాను కొర్ల వెంకట సుబ్బారెడ్డిని, గురుగుంట్ల కొమ్మిరెడ్డిని పోలవరంలోనూ, కారుకొండ తుమ్మిరెడ్డిని తూటిగుంటలోనూ ఉరితీశారు. మరో 35 మందిని గుంటూరు జైలుకు తోలారు. ఎనిమిది మందిని ద్వీపాంతరం పంపారు. ఉరితీసిన మూడు చోట్లూ చింతలపూడి నుంచి బయల్దేరి జంగారెడ్డిగూడెం దాటితే పూటలోపు చేరగల ఊళ్ళే. ఉరికంబం ఎక్కిన ఐదుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా జిల్లా చరిత్రల్లో కనిపిస్తాయి. సముద్రం దాటించిన ఎనిమిది మందీ అదే వాక్యం చివర ఒక అంకెగా ఉండిపోయారు.

ఉరితీసిన మనిషికి ఊళ్ళో గుర్తు మిగులుతుంది. సుబ్బారెడ్డి శవాన్ని రాజమండ్రి కోటగుమ్మం దగ్గర ఇనుప పంజరంలో వేలాడదీశారనీ, ఆ పంజరాన్ని జనం ‘సుబ్బారెడ్డి సంచి’ అనేవారనీ ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పడవెక్కించిన మనిషికి అలాంటి గుర్తేదీ లేదు. ఇంటివాళ్ళు ఎదురుచూస్తారు. కొన్నేళ్ళకు ఎదురుచూడటం మానేస్తారు. రెండు తరాలు గడిచేసరికి ‘మా తాతకు ఒక అన్న ఉండేవాడట, దీవికి పోయాడట’ అన్న ముక్క మిగులుతుంది. మూడో తరానికి అదీ ఉండదు. అటు దీవిలో ఆ మనిషికి పిల్లలు పుట్టి ఉంటే, వాళ్ళ మనవలకూ ఇదే చిక్కు ఎదురవుతుంది. తాత ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు. ఈ రెండు కొసలనూ కలపడానికి ఎలా వెతకాలన్నదే ఇక్కడి విషయం.

ముందు ఆ పితూరీ సంగతి. సుబ్బారెడ్డిది గోదావరి ఒడ్డున పాపికొండల నడుమ ఉన్న కొరుటూరు. కొండరెడ్ల నాయకుడు. ఉత్తరాదిన 1857లో లేచిన తిరుగుబాటు వార్తలు గోదావరి కొండల దాకా వచ్చాయి. నానాసాహెబు సైన్యంతో దక్షిణానికి వస్తున్నాడనీ, ఇంగ్లీషువాళ్ళను ఎదిరించినవారికి బహుమానాలు ఇస్తాడనీ విన్నానని సుబ్బారెడ్డి తన వాఙ్మూలంలో చెప్పాడు. పట్టుబడిన మనిషి ప్రాణభయంతో చెప్పిన మాట కాబట్టి దాన్ని ఎంతవరకు నమ్మాలన్నది వేరే ప్రశ్న. అయితే ఉత్తరాది తిరుగుబాటు కబురు కొరుటూరు దాకా చేరిందన్నది మాత్రం ఆ మాటతో రుజువవుతుంది. సుబ్బారెడ్డిని ఉరితీసిన 25 రోజులకు, 1858 నవంబరు 1న, ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసిందని విక్టోరియా రాణి ప్రకటన వెలువడింది. హత్యల్లో నేరుగా పాల్గొననివారికి క్షమాభిక్ష కూడా అందులోనే ఉంది. బుట్టాయగూడెం ఉరికొయ్య దగ్గర ఆ ప్రకటనతో ఎవరికీ పని లేకపోయింది.

ద్వీపాంతరవాస శిక్ష మన దేశం కోసం పుట్టింది కాదు. ఇంగ్లండు తన ఖైదీలను ముందు అమెరికాకు, 1788 నుంచి ఆస్ట్రేలియాకు పంపింది. 1868లో ఆఖరి ఓడ చేరేదాకా 80 ఏళ్ళలో సుమారు 1,62,000 మందిని అలా తీసుకెళ్ళారు. వారిలో దాదాపు నాలుగోవంతు ఐర్లండువాళ్ళు. 1791లో ‘క్వీన్’ అనే ఓడ ఐర్లండు నుంచి నేరుగా సిడ్నీ చేరింది. రొట్టె దొంగిలించినవాడు, గొర్రెను తోలుకుపోయినవాడు, 1798 తిరుగుబాటులో బల్లెం పట్టినవాడు, అందరూ ఆ బాటనే వెళ్ళారు. ఆఖరి ఓడ ‘హూగమాంట్’ 1868 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా చేరినప్పుడు అందులో 62 మంది ఫీనియన్లు, అంటే ఐరిష్ స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్ళు, ఉన్నారు.

ఆస్ట్రేలియాలో ఒకప్పుడు ఖైదీ సంతతి అని చెప్పుకోవడం నామోషీ. ఇప్పుడు అదే గౌరవం. మనవలు, మునిమనవలు తమ ఐరిష్ ముత్తాత ఊరు కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. వాళ్ళకు ఎదురైన పెద్ద అడ్డంకి 1922 జూన్ 30. ఆ రోజు అంతర్యుద్ధంలో డబ్లిన్ ప్రభుత్వ పత్రాల భవనం తగలబడి వందల ఏళ్ళ కాగితాలు బూడిదయ్యాయి. జనాభా లెక్కల పట్టీలు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లు చాలావరకు పోయాయి. అదృష్టవశాత్తు ద్వీపాంతర ఖైదీల పుస్తకాలు, వాళ్ళ ఇంటివాళ్ళు పెట్టుకున్న దయాభిక్ష అర్జీలు అప్పుడు డబ్లిన్ కోటలో వేరేచోట ఉన్నాయి. ఆస్ట్రేలియాలో వలస నెలకొని 200 ఏళ్ళయిన సందర్భంగా, 1988లో, ఐర్లండు ప్రభుత్వం వాటి నకళ్ళను ఆస్ట్రేలియాకు కానుకగా ఇచ్చింది. ఒక దేశం మరో దేశానికి తన ఖైదీల జాబితాను కానుక చేయడం విన్నప్పుడు వింతగా తోస్తుంది. దానివల్ల ఎన్ని కుటుంబాలకు తమ పూర్వీకుల ఊరు తెలిసిందో ఆలోచిస్తే అంతకు మించిన కానుక లేదనిపిస్తుంది.

ఆ జాబితాల్లో పేరు, వయసు, నేరం, విచారణ జరిగిన చోటు ఉంటాయి. ఓడ దిగినచోట రాసుకున్న పట్టీల్లో పుట్టిన జిల్లా, వృత్తి, మతం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు కూడా ఉంటాయి. ఊరు మాత్రం చాలా చోట్ల ఉండదు. అందుకని వెతికేవాళ్ళు ఇంకో దారి పట్టారు. 1847 నుంచి 1864 వరకు ఐర్లండులో భూమి విలువ కట్టినప్పుడు తయారైన పుస్తకాల్లో ఏ ఇంటిపేరు ఏయే గ్రామాల్లో గుంపుగా ఉందో చూస్తారు. ఖైదీ ఇంటిపేరు, అతనితోపాటు శిక్షపడ్డ బంధువుల ఇంటిపేర్లు, మూడూ నాలుగూ ఒకే చోట కలిసిన ఊరు దొరికితే అక్కడికి వెళ్ళి అడుగుతారు. ఈ పద్ధతి గోదావరి కొండలకు ఎలా పనికివస్తుందో తరవాత చూడవచ్చు.

మన దేశంలోని కంపెనీ ప్రభుత్వం కూడా 18వ శతాబ్దం చివర నుంచే తన ఖైదీలను సముద్రం దాటించింది. సుమత్రాలోని బెంకూలెన్, పినాంగు, మలక్కా, సింగపూరు, బర్మా తీరం, కొంతకాలం మారిషస్ దీవి. రోడ్లు వేయించడానికి, అడవి నరికించడానికి కూలి లేని మనుషులు కావాలి. మద్రాసు రాజధాని ఖైదీలు పినాంగుకు, సింగపూరుకు, బర్మాకు వెళ్ళారు. 1849 దాకా జీవితఖైదీ నుదుటి మీద పేరు, నేరం పచ్చపొడిచేవారు. దాన్ని ‘గోద్నా’ అనేవారు. సుబ్బారెడ్డి అనుచరుల నాటికి ఆ అమానుషం రద్దయింది. అండమాన్‌లో ఖైదీల వలస మాత్రం సరిగ్గా వాళ్ళ కాలంలోనే మొదలైంది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు. తాగునీరు లేని చాతం దీవి నుంచి రాస్ దీవికి, అక్కడినుంచి పెద్ద దీవికి అడవి నరుక్కుంటూ విస్తరించారు. తప్పించుకోబోయి దొరికిన 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఒకేరోజు ఉరితీయించాడు. జ్వరాలు, విరేచనాలు, ఆకలి ఇంకా చాలామందిని తీసుకుపోయాయి. సెల్యులార్ జైలు అప్పటికి లేదు. దాన్ని 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. 1858లో వెళ్ళిన కొండరెడ్డిని ఆ జైలు గోడల్లో వెతకడం చాలామంది చేసే పొరపాటు.

తరవాతి రోజుల్లో అండమాన్ ఖైదీ మెడలో ఇనుప కడియానికి ఒక చెక్క బిళ్ళ వేలాడేది. దానిమీద ఖైదీ నంబరు, శిక్షపడ్డ సెక్షను, శిక్ష తేదీ, విడుదల తేదీ చెక్కి ఉండేవి. ప్రమాదకరమని అనుకుంటే ఒక ప్రత్యేక అక్షరం కూడా ఉండేది. ఆ బిళ్ళను మనసులో ఊహించి చూడాలి. అరచేతిలో సగం కూడా ఉండని చెక్కముక్క మీద ఒక మనిషి గురించి ప్రభుత్వం తెలుసుకోదలచినదంతా ఉంది. తండ్రి పేరు లేదు. ఊరు లేదు. ఇంటిపేరుకు చోటే లేదు. కొన్నేళ్ళు నడవడి బాగుందనిపిస్తే ఖైదీకి సొంతంగా సాగు చేసుకునే చీటీ ఇచ్చేవారు. స్త్రీ ఖైదీల్లోంచి ఒకరిని పెళ్ళాడవచ్చు. బెంగాలీ ఆడమనిషికీ తెలుగు మగవాడికీ, పంజాబీకీ మలయాళీకీ పెళ్ళిళ్ళు అలాగే జరిగాయి. పిల్లలు హిందుస్థానీ మాట్లాడారు. వాళ్ళే ‘లోకల్ బార్న్’ అని పేరుపడ్డ సమాజం. కులం, భాష, ఇంటిపేరు ఒక్క తరంలో కలిసిపోయాయి.

ఆ దీవి కాగితాలకూ ఒక 1922 వచ్చింది. 1942 మార్చి 23 నుంచి 1945 దాకా అండమాన్ జపాన్ సైన్యం చేతిలో ఉంది. ఆ మూడేళ్ళలో పోర్ట్‌బ్లెయిర్ పాత కాగితాలు చాలా నాశనమయ్యాయి. అందువల్ల అండమాన్‌లో ఉన్న మునిమనవడు అక్కడి కచేరీలో వెతికితే దొరికేది తక్కువ. జవాబులు ఎక్కువగా మద్రాసులోనూ, ఢిల్లీలోనూ, లండనులోనూ ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ న్యాయశాఖ పుస్తకాలు చెన్నై ఎగ్మూరులోని పురాపత్రశాలలో ఉన్నాయి. వాటి నకళ్ళు ఆ రోజుల్లోనే ఇండియా ఆఫీసుకు వెళ్ళాయి. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌తో కేంద్ర ప్రభుత్వం నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ఢిల్లీలోని జాతీయ పురాపత్రశాలలో, హోం శాఖ కింద ఉన్నాయి.

వెతికేవారు ముందు తెలుసుకోవలసినది ఆనాటి పరిపాలన చట్రం. 1858లో శిక్షాస్మృతి లేదు. అది 1862 జనవరి 1న అమలులోకి వచ్చింది. మద్రాసు హైకోర్టు కూడా ఆ ఏడాదే ఏర్పడింది. కనుక 1858 నాటి మరణశిక్షలు, ద్వీపాంతర శిక్షలు ఆనాటి పెద్ద నేర న్యాయస్థానమైన ఫౌజుదారీ అదాలతు కాగితాల్లో ఉంటాయి. హైకోర్టు పేరుతో వెతికితే ఏమీ రాదు. జిల్లా పేరు ఇంకా పెద్ద చిక్కు. 1859 దాకా ఈ సీమలో గోదావరి జిల్లా లేదు. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను ఆ ఏడాది గోదావరి, కృష్ణా జిల్లాలుగా మార్చారు. ఏలూరు, యర్నగూడెం తాలూకాలు 1904 దాకా గోదావరిలో, ఆ తరవాత కృష్ణాలో, 1925 నుంచి పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. అంటే ఒకే ఊరి మనిషి కోసం తాత కాలానికి ఒక జిల్లాలో, తండ్రి కాలానికి మరో జిల్లాలో చూడాలి. బుట్టాయగూడెం ఉరి సంగతి రాజమండ్రి కాగితాల్లో ఉండాలని మొదట తట్టకపోతే నెలలు వృథా అవుతాయి.

ఆ తరవాత పేర్లు. తెలుగువాడు ఇంటిపేరు ముందు చెబుతాడు. ఇంగ్లీషు గుమాస్తా ముందు వచ్చినదాన్ని పేరనుకుంటాడు, వెనక వచ్చినదాన్ని ఇంటిపేరనుకుంటాడు. లేదా ఇంటిపేరు అనవసరమని వదిలేస్తాడు. ‘రెడ్డి’ ఒకచోట కులం, ఒకచోట పేరులో భాగం, కొండల్లో ఊరి పెద్దకు పదవి కూడా. ఏలూరును ఎల్లోర్ అని రాసేవారు. చేతిరాతలో అది నెల్లోర్‌గానో ఎల్లోరాగానో కనిపించడానికి ఒక్క గీత చాలు. మద్రాసు ఓడరేవులో ఎక్కినవాళ్ళందరినీ దీవుల్లో ‘మద్రాసీ’ అన్నారు. బర్మాలో తెలుగువాళ్ళందరూ కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అయ్యారు. అలా పేరు పోయాక ఊరు, ఊరు పోయాక కులం ఒకదాని వెనక ఒకటి చెరిగిపోయాయి.

ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారి వారసులకు ఈ విషయంలో కొంత వెసులుబాటుంది. 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది మారిషస్ వెళ్ళారు. వారిలో గంజాం, విశాఖ, గోదావరి సీమల తెలుగువారు చాలామంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటల్ సీమకు, డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు నాటల్‌కు 1,52,184 మంది వెళ్ళారు. ఫిజీకి 60 వేలకు పైగా. తోటల యజమానులకు పారిపోయిన కూలీని పట్టుకోవాలన్న అవసరం ఉంది. అందుకే నాటల్ ఓడల పట్టీలో మనిషి నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చ వరుసగా రాశారు. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1860ల నుంచి తీసిన కూలీల ఫొటోలు కూడా అక్కడ ఉన్నాయి. ఆ పట్టీలు చేతబట్టుకుని ముత్తాత ఊరు చూడడానికి వచ్చిన దక్షిణాఫ్రికా, మారిషస్ తెలుగువారు ఈ జిల్లాలకు కొత్త కాదు. మనుషుల్ని బంధించడానికి రాసిన కాగితం వాళ్ళ మనవలకు దారి చూపుతోంది. కొండల్లోంచి అండమాన్‌కు వెళ్ళినవారికి అంత వివరమైన పట్టీ లేదు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఈ రోజు అండమాన్‌లో తెలుగు వినిపిస్తే వాళ్ళంతా ఖైదీల సంతతి అనుకోకూడదు. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ, కూలి పనులకూ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళే ఎక్కువ. ఖైదీ వారసుడికి తెలుగు రాకపోవచ్చు, పేరులో తెలుగుతనం అసలు ఉండకపోవచ్చు.

కొండల నుంచి దీవికి ఈ దారి 1858తో ఆగలేదు. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. కల్లు గీతపై వేసిన చిగురుపన్ను, రంపను ఏలే మన్సబుదారు వసూళ్ళు కొండవాళ్ళను విసిగించాయి. కారం తమ్మన్న దొర వంటివారు నడిపిన ఆ తిరుగుబాటు అణగాక మరికొందరికి ద్వీపాంతరం పడింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర 1923లో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష యావజ్జీవ ద్వీపాంతరంగా మారింది. ఆయన అండమాన్ నుంచి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరిగొచ్చినవాడి కథ ఇలా పూర్తిగా తెలుస్తుంది. అది అరుదు.

ఐర్లండువాళ్ళు భూమి విలువ పుస్తకాలతో చేసిన పనిని గోదావరి కొండల్లో నేరుగా చేయలేము. మైదానపు ఊళ్ళకు 1860లలో జరిగిన సెటిల్‌మెంటు కాగితాలున్నాయి. కొండల్లో భూమి ముఠాదారు (కొన్ని ఊళ్ళ గుంపుకు పెత్తందారు) పేరున ఉండేది, పోడు కొట్టుకునే రైతుకు పట్టా లేదు. ముఠాదారీ పద్ధతి 1969లో రద్దయ్యాకే సామాన్య గిరిజనుడి పేరు భూమి పుస్తకంలోకి ఎక్కింది. నూరేళ్ళకు పైగా సాగిన ఈ ఖాళీని పూరించగలది ఒకటే: ఇంటిపేరు. కొండరెడ్లలో ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళి చేసుకోరు. కాబట్టి సంబంధం కుదరాలంటే ఎవరి ఇంటిపేరు ఏమిటో, ఏ ఊరినుంచి వచ్చారో, ఎవరితో వావి కుదురుతుందో పెద్దలకు తెలిసి తీరాలి. ప్రభుత్వం రాయని జాబితాను పెళ్ళి మాటలు ఇన్ని తరాలూ కాపాడాయి. మామిడి టెంకల పిండితో అంబలి కాచుకుని ఎండాకాలం గడిపిన ముసలమ్మకు అక్షరం రాకపోవచ్చు. తన పుట్టింటి వైపు నాలుగు తరాల ఇంటిపేర్లు తడుముకోకుండా చెబుతుంది.

ఉరితీసిన ఐదుగురిని మళ్ళీ చూస్తే, వాళ్ళలో ఇద్దరు కారుకొండవాళ్ళు, ఇద్దరు కొర్లవాళ్ళు, ఒకరు గురుగుంట్లవారు. ఐదుగురికి మూడే ఇంటిపేర్లు. పితూరీ చుట్టరికాల మీద సాగిందని దీన్నిబట్టి తెలుస్తుంది. దీవికి పోయిన ఎనిమిది మందీ అవే కుటుంబాలనుంచో, వాళ్ళకు వియ్యమందిన ఇళ్ళనుంచో వెళ్ళి ఉంటారని అనుకోవడం సబబే. ఫౌజుదారీ అదాలతు పుస్తకంలో ఎనిమిది పేర్లు ఎంత వంకరగా రాసి ఉన్నా, ఆ ఇంటిపేర్ల వంశవృక్షం చేతిలో ఉంటే సరిదిద్దడం సాధ్యం. వంశవృక్షం లేకపోతే సరైన పేరు కళ్ళముందే ఉన్నా గుర్తుపట్టలేము. వెతుకులాట పురాపత్రశాలలో మొదలుపెట్టాలని అందరూ అనుకుంటారు. కొండరెడ్ల విషయంలో అది ఊళ్ళోనే మొదలవ్వాలి.

ఆ ఊరికి ఇప్పుడు గడువు దగ్గరపడింది. సుబ్బారెడ్డి కొరుటూరు పోలవరం జలాశయం ముంపు గ్రామాల్లో ఒకటి. గోదావరి ఒడ్డునున్న కొండరెడ్ల ఊళ్ళు చాలా ఖాళీ అయ్యాయి, అవుతున్నాయి. అక్కడివారిని మైదానాల్లో కట్టిన పునరావాస కాలనీలకు తరలిస్తున్నారు. వరసగా ఉన్న కాంక్రీటు ఇళ్ళలోకి ఒక్కో ఊరివాళ్ళు ఒక్కో చోటికి చెదిరారు. ఏ గట్టున ఎవరి పోడు ఉండేదో, ఏ చింతచెట్టు కింద ఎవరిని పూడ్చారో చూపించడానికి నేల ఉండదు. నేల లేకపోతే ఆ నేల మీద ఆధారపడ్డ జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము.

ఈ ప్రాంతంలోని ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు ఈ ఎండాకాలంలోనే ఒక పని మొదలుపెట్టాలి. బుట్టాయగూడెం, పోలవరం మండలాల్లోని పునరావాస కాలనీలకు వెళ్ళి, డెబ్బై దాటిన కొండరెడ్ల పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పినది వాళ్ళ మాటల్లోనే రాయండి. ఇంటిపేరు, పాత ఊరి పేరు, తాత పేరు, తాత అన్నదమ్ముల పేర్లు, వియ్యమందిన ఇంటిపేర్లు. ‘మీ ఇంట్లో ఎవరైనా దీవికి పోయి తిరిగి రాలేదా’ అని ఒక్క ప్రశ్న చివర్లో అడగండి. జవాబు ఏదైనా తారీఖు వేసి రాయండి. ఒక ప్రతి ఆ కుటుంబానికే ఇవ్వండి. మరొకటి ఏలూరు జిల్లా గ్రంథాలయంలో ఉంచండి.